నడిచినవాళ్ళ కొండ

మాంచెస్టర్ పికడిల్లీలో షెఫీల్డ్ వైపు వెళ్ళే ప్యాసింజరు బండి ఎక్కితే కాసేపటికి ఊరు పలచబడుతుంది. ఎర్ర ఇటుకల ఇళ్ళ వెనక పెరళ్ళు, గోడౌన్లు, పాత మిల్లుల గోడలు ఒక్కొక్కటే వెనక్కి పోతాయి. చిన్లీ దాటాక కౌబర్న్ సొరంగం. మూడు కిలోమీటర్లకు పైగా చీకటి. అది అయిపోగానే రెండు వైపులా కొండలు, మధ్యలో పచ్చటి లోయ, రాతి గోడల మధ్య గొర్రెలు. ఇదే ఈడేల్. మహానగరం నుంచి గంట కూడా పట్టదు. ఇక్కడి కొండకు జరిగిన చెడూ మంచీ రెండూ ఈ దగ్గరతనం వల్లనే జరిగాయి.

నన్ను ఇక్కడికి తీసుకొచ్చింది మా అన్నయ్య కూతురు. మాంచెస్టర్‌లో డాక్టరు. ఆసుపత్రికి సెలవు దొరికిన రోజుల్లో కొండ మీద పనికి వెళుతుందని ఇంట్లో అందరికీ తెలుసు గానీ ఆ పనేమిటో ఎవరికీ సరిగ్గా తెలియదు. వాళ్ళమ్మ దృష్టిలో అది చలిలో జబ్బు తెచ్చుకునే పని. "లండన్ అందరూ చూస్తారు బాబాయ్, నీకు నేను బురద చూపిస్తాను" అంది. ఫిబ్రవరి నెలాఖరు. గాలి చెవులను కోస్తోంది. తన దగ్గరున్న ఊలు టోపీ నా తలకు తగిలించి, బూట్ల తాళ్ళు రెండుసార్లు లాగి చూసి, "సరే, ఇక నడు" అంది.

ఈడేల్ ఊరు చిన్నది. ఇంగ్లండ్ వెన్నెముక మీదుగా స్కాట్లండ్ సరిహద్దు దాకా 431 కిలోమీటర్లు సాగే కాలిబాట పెన్నైన్ వే ఇక్కడ మొదలవుతుంది. దాన్ని 1965లో తెరిచారు. ఊరికి ఉత్తరాన అడ్డంగా పరుచుకున్నది కిండర్ స్కౌట్. ఎత్తు 636 మీటర్లు. మన అరకు కొండల ముందు ఇదొక లెక్కా అనిపిస్తుంది. పైగా శిఖరం అంటూ కొట్టొచ్చినట్టు కనబడేది కూడా ఏమీ లేదు, పైనంతా చదును. అయినా బ్రిటన్‌లో నడిచేవాళ్ళకు ఇంతటి పేరున్న కొండ మరొకటి చెప్పడం కష్టం.

ఆ రోజు పనికి వచ్చినవాళ్ళు కార్లు ఆపే చోట కలుసుకున్నారు. డజను మందికి అటూ ఇటూ. స్టాక్‌పోర్ట్ నుంచి వచ్చిన రిటైరయిన బస్సు డ్రైవరు, షెఫీల్డ్ బళ్ళో లెక్కలు చెప్పి మానేసిన ఒక పెద్దావిడ, భార్య పోయాక ఇంట్లో ఉండలేక వస్తున్నానని మొదటి పలకరింపులోనే చెప్పేసిన ఒకాయన, కంప్యూటర్ ఉద్యోగం చేసే ఇద్దరు కుర్రాళ్ళు. బుధవారం కాబట్టి తెల్లజుట్టే ఎక్కువ. పనిని నడిపించే రేంజరుకు జీతం ఉంది, మిగతా ఎవరికీ లేదు. రైలు ఛార్జీ కూడా కొందరు తమ జేబులోంచే పెట్టుకుంటారు.

రేంజరు మాటలు సేవ, త్యాగం లాంటి వాటి జోలికి పోలేదు. గునపం మోసేటప్పుడు మొన కిందికి ఉండాలి. మనిషికీ మనిషికీ మధ్య చేతులు చాచినంత దూరం ఉండాలి. ఎవరికైనా గుండెజబ్బు ఉంటే ముందే చెవిలో వెయ్యాలి. మందుల పెట్టె ఎవరి సంచిలో ఉందో అందరూ చూసుకోవాలి. పొగమంచు కమ్మితే ఎవరూ ఒంటరిగా కదలకూడదు. పది నిమిషాల్లో ఇవన్నీ చెప్పి, బరువులు పంచి, ముందు నడిచాడు. ఈ పొడిపొడి ఏర్పాటు వెనక చాలా ఏళ్ళ అలవాటు ఉందని సాయంత్రానికి గానీ నాకు తెలియలేదు.

పైకి ఎక్కే దారిలో రాళ్ళు మెట్లలా పరిచి ఉన్నాయి. చూస్తే ఎప్పటినుంచో అలాగే ఉన్నాయనిపిస్తుంది. "అలా అనిపిస్తే మా పని బాగున్నట్టు" అన్నాడు బస్సు డ్రైవరు. ఒక్కో రాయిని దాని పొడవులో ఎక్కువ భాగం నేలలోకి దిగేలా నిలువుగా పాతుతారట. పైకి కనబడేది అడుగు పెట్టేంత మేరే. నడుమ నడుమ దారికి అడ్డంగా, ఏటవాలుగా ఒక రాతి కాలువ ఉంటుంది. వాననీళ్ళు దారినే ఏరు చేసుకుని కిందికి పరిగెత్తకుండా పక్కకు మళ్ళించడానికి అది. ఆ కాలువ ఆకులతో, గులకరాళ్ళతో పూడిపోతే ఒక్క శీతాకాలంలో దారి వాగైపోతుంది. కాబట్టి నెలనెలా ఎవరో ఒకరు పార పట్టుకుని వచ్చి తియ్యాలి. ఫొటోకు పనికిరాని పని, చెప్పుకోవడానికి కథ లేని పని. ఎక్కుతూ ఎక్కుతూనే ఆయన మూడు కాలువలు తీసేశాడు, మాట ఆపకుండా.

పైకి చేరాక నేల రంగు మారిపోయింది. కాళ్ళ కింద పీట్. చచ్చిన నాచూ మొక్కలూ నీటిలో నాని, కుళ్ళకుండా వేల ఏళ్ళపాటు పొరలు పొరలుగా పేరుకున్న నల్లటి మట్టి. బాగున్న చోట ఇది ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే మీటరు మందానికి వెయ్యేళ్ళు. ఆ మందాన్ని వానలు కోసి లోతైన గండ్లు చేశాయి. ఒక గండిలోకి దిగితే నా తల మీదికి నల్లటి గోడలు లేచాయి. కొన్నిచోట్ల పీట్ అంతా కొట్టుకుపోయి అడుగున ఉన్న ఇసుకరాయి బయటపడింది.

దీనికి కారణం వానలు మాత్రమే కాదు. కొండకు పడమట మాంచెస్టర్, తూర్పున షెఫీల్డ్. పారిశ్రామిక విప్లవంలో ఒకటి ప్రత్తి మిల్లులతో, మరొకటి ఉక్కు కొలుములతో ప్రపంచాన్ని ఏలాయి. ఆ బొగ్గు పొగలోని గంధకం వందేళ్ళకు పైగా ఈ కొండ మీద ఆమ్లమై కురిసింది. పీట్‌ను కట్టేదీ, తడిగా ఉంచేదీ స్ఫాగ్నమ్ అనే నాచు. దానికి వేళ్ళు లేవు. కావలసినదంతా వానలోంచే తీసుకుంటుంది. ఆ వానే విషమయ్యేసరికి అది చచ్చిపోయింది. పైనున్న దుప్పటి పోయాక మంటలు, గొర్రెల మేత, జనం కాళ్ళు మిగతా పని చేశాయి. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం వచ్చింది, మెల్లగా పొగ తగ్గింది. కానీ పోయిన నాచు తనంతట తాను తిరిగి రాలేదు.

దాన్ని తిరిగి తేవడమే ఆ రోజు మా పని. నర్సరీలో పెంచిన నాచును చిన్న చిన్న కుదుళ్ళుగా ట్రేలలో తెచ్చుకున్నాం. మొనదేలిన కర్రతో తడి పీట్‌లో గుంట చెయ్యడం, కుదురు అందులో పెట్టడం, బూటు మడమతో నొక్కడం, ఒక అడుగు ముందుకు వెయ్యడం. నడుము వంచి వరసలో కదులుతుంటే మాగాణిలో వరి నాట్లు వేస్తున్నట్టే ఉంది, పాట లేదు అంతే. స్ఫాగ్నమ్ తన పొడి బరువుకు 20 రెట్ల దాకా నీళ్ళు పట్టి ఉంచగలదు. అది పరుచుకుంటే పీట్ ఎండదు, గాలికి లేవదు, అందులోని బొగ్గుపులుసు గాలి ఆకాశంలోకి పోదు. కొండ మీద పడ్డ వాన కింది ఊళ్ళమీదికి ఒక్కసారిగా దూకకుండా నిదానిస్తుంది. పీట్ కలిసిన గోధుమరంగు నీళ్ళు రిజర్వాయరులో దిగకపోతే తాగునీటిని శుద్ధి చేసే ఖర్చూ తగ్గుతుంది. ఇన్ని లాభాలు అరచేతిలో ఇమిడే ఆ తడి పచ్చదనంలో ఉన్నాయంటే నమ్మడం కష్టం. పక్షులు నేల మీద గూళ్ళు పెట్టే కాలం రాకముందే నాట్లు ముగించాలి గనుక ఈ చలిలోనే చెయ్యాలి. కాస్త దూరంలో ఒక కొండ కుందేలు పరిగెత్తింది. మంచు లేని నల్లటి నేల మీద తెల్లటి శీతాకాలపు బొచ్చుతో ఎటు పోయినా దాక్కోలేకపోతోంది. ఇంగ్లండ్‌లో ఈ జాతి కుందేళ్ళు మిగిలింది ఈ కొండల్లోనే.

మధ్యాహ్నం ఒక బండ చాటున గాలికి వీపు పెట్టి కూర్చున్నాం. ఫ్లాస్కులు తెరిచారు. మా అమ్మాయి పులిహోర డబ్బా తీసింది. దాని గురించి వాళ్ళకు కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది, ముందే తెలుసు. లెక్కల టీచరమ్మ అడక్కుండానే చెయ్యి చాచింది. మీరు ఎందుకు వస్తారని అడిగితే ఆమె సూటిగా జవాబు చెప్పలేదు. "చిన్నప్పుడు ఆదివారాలు మా నాన్న ఇక్కడికి నడిపించుకొచ్చేవాడు. ఆయన్ని నడవనిచ్చినవాళ్ళు వేరే ఉన్నారు" అంది.

ఆమె చెప్పినవాళ్ళ కథ 1932 ఏప్రిల్ 24 నాటిది. అప్పట్లో ఈ కొండ డెవన్‌షైర్ డ్యూక్ వంటి పెద్దల వేట భూమి. ఏడాదిలో కొన్ని రోజులు గ్రౌజ్ పక్షుల్ని కాల్చడానికి మిగతా రోజులన్నీ జనాన్ని రానివ్వకుండా కాపలాదారుల్ని పెట్టేవారు. మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో వారమంతా పొగ పీల్చిన కార్మికులకు ఆదివారం కనబడే కొండ ఇదే, కాలు పెట్టరానిదీ ఇదే. ఆ ఆదివారం నాడు కొండకు అవతలి పక్కనున్న హేఫీల్డ్ దగ్గర బౌడెన్ బ్రిడ్జి రాతి క్వారీలో జనం చేరారు. బెన్నీ రాత్‌మన్ అనే 20 ఏళ్ళ మాంచెస్టర్ కుర్రాడు మాట్లాడాడు. సుమారు 400 మంది నిషేధం దాటి పైకి నడిచారు. కాపలాదారులతో తోపులాట జరిగింది. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. రాత్‌మన్‌కు నాలుగు నెలలు. అంతవరకూ ఊగిసలాడుతున్న జనాభిప్రాయాన్ని కొండ మీది తోపులాట కన్నా ఆ శిక్షలే ఎక్కువగా కదిలించాయంటారు.

ఆ నడకకు ఏడు నెలల ముందు, 1931 సెప్టెంబరులో, గాంధీ మాంచెస్టర్ వైపు లాంకషైర్‌కు వచ్చి మిల్లు కార్మికుల మధ్య కూర్చున్నారు. విదేశీ వస్త్ర బహిష్కారం వల్ల వాళ్ళ మగ్గాలు ఆగిపోతున్న రోజులవి. వాళ్ళ బట్ట మచిలీపట్నం రేవులో దిగి మన మగ్గాలను ఆపింది అంతకు వందేళ్ళ నాటి కథ. ఆయన మీద వాళ్ళు కోపం చూపలేదు, ఆప్యాయంగా చుట్టుముట్టారు. కొండెక్కిన 400 మందిదీ అదే ప్రపంచం. ఆ మిల్లుల పొగ చంపిన నాచునే ఇప్పుడు మేం నాటుతున్నాం. మర్నాడు మిల్ హిల్ దాటి స్నేక్ రోడ్డు వైపు నడిచినప్పుడు ఈ లెక్క ఇంకొంచెం ముందుకు వెళ్ళింది. అక్కడ బురద నేల మీద పెన్నైన్ వే పొడుగునా పెద్ద పెద్ద రాతిపలకలు పరిచారు. చాలా పలకలు కూల్చేసిన ప్రత్తి మిల్లుల నేల నుంచి తెచ్చి, హెలికాప్టర్లతో దింపినవి. కొన్నిటి మీద ఇంకా బెజ్జాలున్నాయి, యంత్రాలను బిగించిన చోట్లు. చీరాల, పొందూరు నేతగాళ్ళ పేర్లు వింటూ పెరిగిన నాకు ఆ బెజ్జాల మీంచి అడుగు వెయ్యడానికి ఒక క్షణం పట్టింది.

కొండెక్కే హక్కు ఒక్క రోజులో రాలేదు. 1949లో జాతీయ పార్కుల చట్టం, 1951లో దేశపు మొదటి జాతీయ పార్కుగా ఈ కొండలున్న పీక్ డిస్ట్రిక్ట్, 1982లో కిండర్‌ను నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ కొనడం, 2000లో కొండల మీద, మూర్ అనే చెట్లులేని బీడు నేలల మీద స్వేచ్ఛగా నడిచే హక్కునిచ్చే చట్టం. 2002లో, 1932 నడకకు 70 ఏళ్ళు నిండిన సభకు అప్పటి డ్యూక్ స్వయంగా వచ్చి తన తాత చేసిన పనికి క్షమాపణ చెప్పాడు. హక్కుతో పాటే పనీ పెరిగింది. 1954లో ఈడేల్ నుంచి టామ్ టామ్లిన్సన్ ఈ పార్కుకు మొదటి వార్డెన్‌గా పని మొదలుపెట్టాడు. 1959లో లండన్ దగ్గరి బాక్స్ హిల్ మీద కొందరు కుర్రాళ్ళు పొదలు నరకడంతో కన్సర్వేషన్ కోర్ అనే వలంటీర్ల దళం పుట్టింది. తరవాత టీవీలో పేరు పొందిన వృక్ష శాస్త్రవేత్త డేవిడ్ బెలమీ ఆ రోజు వాళ్ళలో ఒకడు. ఇంకా వెనక్కి వెళితే షెఫీల్డ్‌లో ఎథెల్ అనే యువతి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో భర్తను పోగొట్టుకుని ఈ మూర్‌ల మీద తిరుగుతూ మనిషైంది. 1924లో సంఘం పెట్టి, చందాలు పోగుచేసి, అమ్మకానికొచ్చిన నేలను కొని జనానికి మిగిల్చినవాళ్ళలో ముందు నిలిచింది. వీళ్ళందరిలోనూ వరస ఒకటే. ముందు నడిచారు. నడిచాక అది తమదనుకున్నారు. తమదనుకున్నాక బాగుచెయ్యడానికి వచ్చారు.

ఇందులో పొగడ్త ఒక్కటే చెబితే అబద్ధమవుతుంది. డజను మంది రోజంతా నాటినది ఈ కొండ వైశాల్యంలో ఏ మూలకూ రాదు. నగ్నంగా ఉన్న పీట్ మీద సున్నం, గడ్డి విత్తనం, కోసిన హీదర్ అనే పొద కొమ్మలు పరిచింది హెలికాప్టర్లు. గండ్లలో రాతి కట్టలు వేసింది కూలి తీసుకునే పనివాళ్ళు. 2003లో మొదలైన మూర్స్ ఫర్ ది ఫ్యూచర్ అనే ఉమ్మడి సంస్థ యూరోపియన్ యూనియన్ నిధులతో, నీటి కంపెనీల డబ్బుతో చేయించిన పని అది. వలంటీరు దాన్ని పూరిస్తాడు గానీ దాని బదులు నిలబడలేడు. సర్కారు బడ్జెట్ కోసినప్పుడల్లా "వలంటీర్లున్నారుగా" అనడం సులువైపోయిందని రేంజరు నొచ్చుకున్నాడు. "వీళ్ళకు పని నేర్పేవాడికి, పనిముట్లకు పదును పెట్టేవాడికి జీతం ఉండాలి కదా. అది లేకపోతే పన్నెండు మంది బురదలో నిలబడి కబుర్లు చెప్పుకుంటారు." ఇవన్నీ ఒక్క నిప్పురవ్వతో పోవచ్చు కూడా. 2018 జూన్‌లో ఇక్కడికి దగ్గరలోని శాడిల్‌వర్త్ మూర్ అంటుకుంటే ఆర్పడానికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది.

ఇంకొక మాట మా అమ్మాయి చెప్పింది, దిగేటప్పుడు. మొదటిసారి ఒంటరిగా ఈ లోయకు వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదట, కానీ టీ కొట్లో తలలు తిరిగాయట. "వాళ్ళ చూపులో కోపం లేదు బాబాయ్. ఈ అమ్మాయి దారి తప్పిందేమో అన్నట్టు చూశారు." 2019లో జాతీయ పార్కుల మీద ప్రభుత్వమే వేయించిన గ్లోవర్ సమీక్ష కూడా ఈ సంగతి దాచలేదు. తమ పర్యటనల్లో కొన్నిసార్లు ఆ పార్కులు ఎక్కువగా తెల్లవాళ్ళ, మధ్యతరగతి వాళ్ళ క్లబ్బులా అనిపించాయని రాసింది. మాంచెస్టర్, షెఫీల్డ్, బ్రాడ్‌ఫర్డ్ వంటి చుట్టుపక్కల ఊళ్ళలో దక్షిణాసియా వాళ్ళు లక్షల్లో ఉన్నారు. ఆ రోజు కొండ మీద మేమిద్దరమే.

"మరి నువ్వు ఎలా కలిసిపోయావు?" అని అడిగాను.

"పార చేతిలో ఉంటే ఎవరూ అలా చూడరు. దారి తప్పినవాళ్ళు కాలువ తియ్యరు కదా" అంది. కాస్త ఆగి, "కానీ బాబాయ్, ఇక్కడ నడవడానికి నాకు పార అవసరం కాకూడదు. వాళ్ళకు అవసరం లేదుగా" అంది. 1932 నాటి పోరాటం సగమే గెలిచిందని అంతకంటే సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం కింద పబ్బులో బూట్లు వాకిట్లో విప్పి, మేజోళ్ళతో కూర్చుని వచ్చే నెల తేదీలు రాసుకున్నారు. భార్య పోయిన పెద్దాయన మూడు తేదీలు రాయించుకున్నాడు. మీరు నాటిన నాచు కొండంతా పరుచుకోవడం చూస్తారా అని అడగబోయి మానుకున్నాను గానీ ఆయనే నా ముఖం చూసి చెప్పాడు. "నేను చూడను. పదేళ్ళ కిందట మేం నాటిన చోటికి మధ్యాహ్నం నిన్ను తీసుకెళ్ళి ఉండాల్సింది. అక్కడ కాలు పెడితే ఇప్పుడు బూట్లు తడుస్తాయి. అంతకంటే ఏం కావాలి?"

మన దగ్గర మొక్క నాటడానికి జనం తక్కువేమీ రారు. వానలు పడ్డ వారం ఎక్కడ చూసినా గుంటలు, ఫొటోలు. మూడో నెలలో నీళ్ళు పోసేవాళ్ళే దొరకరు. ఈ తేడాకు కారణం వాళ్ళకు ప్రకృతి మీద ప్రేమ ఎక్కువై, మనకు తక్కువై కాదని ఈడేల్‌లో అనిపించింది. నాటే చోటు మన జీవితంలో భాగం కాదు, అక్కడికి మనం మామూలు రోజున నడిచి వెళ్ళం. దీనికి ఎదురు ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు గుట్టల్ని క్వారీల నుంచి, ప్లాట్ల నుంచి కాపాడటానికి పుట్టిన సొసైటీ టు సేవ్ రాక్స్ ఎన్నో ఏళ్ళుగా చేస్తున్న ప్రధానమైన పని, జనాన్ని ఆ రాళ్ళ మధ్యకు నడకకు తీసుకెళ్ళడం. అర్జీలు పెట్టారు, కొన్ని శిలలను వారసత్వ జాబితాలోకి ఎక్కించారు. కానీ ముందు నడిపించారు. పిల్లవాడు ఒకసారి ఎక్కి జారిన బండను ఎవరైనా పేలుస్తామంటే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఊరుకోడు.

అందుకే మా ఊళ్ళో ఎవరైనా పర్యావరణం కోసం ఏం మొదలుపెడదాం అని అడిగితే ఇకమీదట నేను మొక్కల గురించి చెప్పను. ఊరి పక్క గుట్టకు దారి ఉందా అని అడుగుతాను. ముళ్ళకంపలు కమ్మేసి ఉంటే వాటిని కొట్టడమే మొదటి పని. ఆ దారిన ముసలివాళ్ళూ, ఆడపిల్లలూ, ఏ వాడ పిల్లలైనా భయం లేకుండా, ఎవరి చూపూ తగలకుండా నడవగలిగేలా చెయ్యడం రెండో పని. నాటే పని దానంతట అదే మూడోది అవుతుంది, నీళ్ళు పోసేవాళ్ళతో సహా.